తడి చెయ్యి

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే చివరికొచ్చేసరికి నన్ను కూడా నమ్మేవాళ్ల గుంపులో కలిపేస్తారు. కృష్ణా జిల్లాలో మా ఊళ్లో కరెంటు పోతే చాలు, పిల్లలంతా ఒకచోట చేరి దయ్యాల కథలు మొదలుపెట్టేవాళ్లు. నేను మధ్యలో లేచి, "కాళ్లు వెనక్కి తిరిగున్నాయని ఎవరు చూశారు? చూసినవాడు బతికే ఉన్నాడంటే ఇక ఆ దయ్యం ఏం చేసినట్టు?" అని అడిగేదాన్ని. కొన్నాళ్లకు నన్ను పిలవడం మానేశారు.

మా అమ్మ దగ్గర కూడా ఒక కథ ఉంది. తన చెల్లెలు, మా రూతు పిన్ని, పెళ్లి కాకుండానే పోయింది. ఈస్టరు ముందురోజు పొద్దుపోయేదాకా పాటలు పాడి, నవ్వుతూ పడుకున్న మనిషి తెల్లవారుజామున చర్చి గంట మోగేసరికి నిద్రలోనే వెళ్లిపోయిందట. గంట మోతతో పాటు దేవదూతలు వచ్చి తీసుకెళ్లారని అమ్మ ఇప్పటికీ అంటుంది. "అంత తొందరేంటమ్మా వాళ్లకి, కాఫీ అయినా తాగనివ్వొచ్చుగా" అని నేను ఏడిపించేదాన్ని. అమ్మ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి ఊరుకునేది.

నా పేరు గ్రేస్. తార్నాకలో ఉంటాను, పక్కనే ఉన్న యూనివర్సిటీలో జెనెటిక్స్ పాఠాలు చెబుతాను. పాఠాలు కాకుండా ఇంకో పని కూడా చేస్తాను. కొన్ని కుటుంబాల్లో ఒక గుండె జబ్బు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. పరీక్ష చేస్తే రక్తనాళాల్లో అడ్డేమీ ఉండదు, కవాటాలు బాగుంటాయి, మనిషి మెట్లెక్కుతాడు, పరిగెడతాడు. కానీ గుండె లయ ఒక్కోసారి దారి తప్పుతుంది. అది వెంటనే దారికి రాకపోతే మనిషి దక్కడు.

ఇలాంటి ఇళ్లలో ఎవరికి ప్రమాదం ఎక్కువ, ఎప్పుడు ఎక్కువ అన్నది ముందే చెప్పగలగాలి. అందుకోసం మా డిపార్ట్‌మెంటువాళ్లం, ఒక గుండె డాక్టరు, కంప్యూటర్లు తెలిసిన ఇద్దరు కుర్రాళ్లు కలిసి ఒక ప్రోగ్రామ్ తయారు చేశాం. మనిషి ఈసీజీ గీతను అది చదువుతుంది. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకోవడానికి సిద్ధం కావాలి కదా, ఆ సిద్ధమయ్యే సమయం సాగుతోందా అని చూస్తుంది. మరీ సాగితే ప్రమాదం. ప్రోగ్రామ్ బాగా పనిచేస్తుంది. ఈ మాట వినయం లేకుండానే చెబుతున్నాను, ఎందుకంటే నిజం.

మామూలు గుండె ఎలా ఉంటుందో ప్రోగ్రామ్‌కు నేర్పడానికి మా భవనంలో అందరి ఈసీజీలూ తీశాం. మా హెడ్డు, గుమాస్తాలు, తోటమాలి, క్యాంటీన్‌లో ఇడ్లీలు వేసే ఆమె, ఎవర్నీ వదల్లేదు. ఒక్క నాది తప్ప. బటన్ నొక్కేది నేనే కాబట్టి ఆ బల్ల మీద పడుకునే అవసరం నాకు రాలేదు.

యాదగిరి గారి కుటుంబం అలాంటి రోజుల్లోనే మా దగ్గరికి వచ్చింది. ఆయనకు మౌలాలిలో లారీల బాడీలు కట్టే షెడ్డు ఉంది. పెద్ద కూతురు సౌజన్య ఇంటర్ పరీక్షలకు సెంటర్ దగ్గరని మేనమామ ఇంటికి వెళ్లి, అక్కడ తెల్లవారుజామున అలారం మోగినప్పుడు నిద్రలోనే పోయింది. రెండో కూతురు శిరీష మా క్యాంపస్‌లోనే ఎమ్మెస్సీలో చేరింది. ఆ పిల్ల ఈసీజీ చూడగానే నాకు విషయం అర్థమైంది. రక్తపరీక్షలో కూడా అదే తేలింది. తండ్రి జీన్‌లో ఉన్న మార్పే ఆమెలోనూ ఉంది. ఆయన గుండె ఇన్నేళ్లూ ఏ గొడవా చేయలేదు, పిల్లలకు మాత్రం అదే శాపమైంది.

ఈ జబ్బుల్లో రకాలున్నాయి. ఒక రకం పరిగెత్తినప్పుడు, ఈదినప్పుడు బయటపడుతుంది. శిరీషది రెండో రకం. ఉన్నట్టుండి పెద్ద చప్పుడు వినిపిస్తే, ముఖ్యంగా నిద్రలో ఉన్నప్పుడు, గుండె లయ తప్పుతుంది. అలారం, ఫోను, తలుపు బాదడం, ఏదైనా చాలు.

కుటుంబ వివరాలు రాసుకోవడానికి నేను మౌలాలి వెళ్లాను. షెడ్డులో సుత్తి దెబ్బల మోతకు నాకే తల పగిలిపోయింది. వెనక గదిలో యాదగిరి గారి తల్లి రాజవ్వ కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఇల్లంతా చూసినా ఒక్క అలారం గడియారమూ కనిపించకపోతే, ఎందుకు లేదని ఆమెను అడిగాను.

"మా ఇంట్ల నిద్రవోయినోళ్లను పిలిచి లేపం బిడ్డా. కాలి బొటనేలు వట్టుకొని లేపుతం. ఆడివిల్ల అయితే ఎడమ కాలు, మొగపిల్లగాడయితే కుడి కాలు. మా అత్త పెట్టిన రివాజు గిది."

ఆమె అత్తగారికి ముగ్గురు కొడుకులట. ఇద్దరిని ఒకే తీరున పోగొట్టుకుంది. పొలానికి నీళ్లు పెట్టే వంతు వచ్చిందని ఎవరో వాకిట్లో నిలబడి గట్టిగా పిలిస్తే ఒకడు, పండక్కి డప్పు కొడితే ఇంకొకడు. మూడోవాడు రాజవ్వ భర్త. అప్పట్నుంచి ఆవిడ ఇంట్లో నిద్రపోయేవాళ్లను పిలవకూడదని కట్టడి చేసింది. తను ముందు లేచి, పనులు చూసుకుని, వరసగా ఒక్కొక్కరి కాలివేలు పట్టి మెల్లగా లేపేదట.

"నిద్రల పిలుస్తె పానం ఉలిక్కిపడ్తదని అనేది" అంది రాజవ్వ.

నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. మేం జీన్లు, గీతలు పట్టుకుని చెబుతున్న విషయమే ఆ ఇంట్లో కాలివేలు పట్టుకుని నడుస్తోంది. ఎందుకు పనిచేస్తుందో ఆమెకు వివరంగా చెప్పాను. "గట్లనా" అని మళ్లీ బియ్యంలో పడింది. తర్వాత క్లాసులో ఈ సంగతి చెప్పి, దయ్యాల కథల వెనక సైన్సు ఇలా ఉంటుందని పిల్లల ముందు గొప్పలు పోయాను కూడా.

ఆ షెడ్డు మోతలో శిరీషను ఉంచలేం కాబట్టి, మా డిపార్ట్‌మెంటు తరఫున చెప్పి క్యాంపస్ లేడీస్ హాస్టల్‌లో చోటు ఇప్పించాం. కింది అంతస్తు, చివరి గది, కిటికీ అవతల ఖాళీ జాగా, వేపచెట్లు. తలుపుకు లోపల గడియ పెట్టుకోకూడదని, దగ్గరికి వేసి పడుకోవాలని ఒప్పందం. ఆమె ఫోను ఎప్పుడూ మూగగానే ఉండాలి. రోజూ మందులు వేసుకోవాలి. ఛాతీ మీద అంటించిన చిన్న బిళ్లలాంటి పరికరం గుండె కొట్టుకునే తీరును పగలూ రాత్రీ మా కంప్యూటర్‌కు పంపిస్తుంది. దాన్ని నా ఫోన్‌లో కూడా చూడొచ్చు. ప్రోగ్రామ్ రోజూ పొద్దున ఒకసారి అంతా లెక్కగట్టి పచ్చ రంగో, ఎరుపు రంగో చూపిస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది. ఛాతీలో చర్మం కింద ఒక మిషన్ పెడతారు. లయ తప్పితే అదే షాక్ ఇచ్చి సరిచేస్తుంది. యాదగిరి గారు ఆ సంగతి అడగడానికి మా గదికి వచ్చారు. చేతుల మీద వెల్డింగ్ మచ్చలు, వాటిని చూపించడం ఇష్టం లేనట్టు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు.

"పెద్దదాన్ని పోగొట్టుకున్న మేడమ్. దీన్ని మీ చేతుల వెడుతున్న. మిషన్ వెట్టియ్యమంటే రేపే వెట్టిస్త, వద్దంటే ఊకుంట. మీరేది చెప్తే గదే."

మా గుండె డాక్టరూ నేనూ గీతలన్నీ మళ్లీ చూశాం. మందులకు గుండె చక్కగా లొంగుతోంది. ఇప్పటికి మిషన్ అవసరం లేదని, ఏ తేడా వచ్చినా మాకు ముందే తెలుస్తుందని ఆయనకు చెప్పాను. ఇవాళ అదే గీతలు నా ముందు పెట్టినా అదే చెబుతాను. ఆయన దండం పెట్టి వెళ్లిపోయారు. అప్పట్నుంచి ఆ పిల్ల ప్రాణానికి నేను మాట ఇచ్చినట్టే లెక్క.

బతుకమ్మ రోజులు వచ్చాయి. సెలవులు ఇచ్చేస్తే అందరూ ఊళ్లకు వెళ్లిపోతారని హాస్టల్ అమ్మాయిలు ముందు ఆదివారమే సాయంత్రం ఆడుకోవాలనుకున్నారు. నాకు ఆ సంగతి తెలియదు. ఆ ఆదివారం నేను చర్చికి వెళ్లొచ్చి, కోడికూర వండి, తిని, ముందు గదిలో సోఫా మీద పడుకున్నాను. మా ఆయన డేవిడ్ పిల్లలిద్దర్నీ తీసుకుని సీతాఫల్‌మండిలో వాళ్లన్నయ్య ఇంటికి వెళ్లాడు. తలుపుకు లోపల్నుంచి గొలుసు వేశాను. పగటి నిద్ర నాకు అలవాటు లేదు, ఆ రోజు ఎందుకో మొద్దులా నిద్రపట్టింది.

నా ఎడమ కాలి బొటనవేలిని ఎవరో పట్టుకున్నారు.

చక్కిలిగింతలా కాదు, తిమ్మిరిలా కాదు. పిల్లల్ని లేపేటప్పుడు పెద్దవాళ్లు ఎంత బలంగా పట్టుకుంటారో అంతే. పట్టుకుని మెల్లగా లాగి వదిలారు, మళ్లీ లాగారు. మొరటు చెయ్యి. అరచేయి గరుకుగా ఉంది. తడిగా ఉంది.

"వచ్చేశావా?" అన్నాను కళ్లు తెరవకుండానే, డేవిడ్ అనుకుని. జవాబు లేదు. కళ్లు తెరిస్తే గదిలో ఎవరూ లేరు. తలుపు గొలుసు వేసినట్టే ఉంది. వంటింట్లో చూశాను, బాల్కనీలో చూశాను. భయం వేయలేదు, ఒట్టు. చిరాకు వేసింది. బొటనవేలు నిజంగానే తడిగా ఉంటే సోఫా కవరుకు తుడుచుకున్నాను. చెమట పట్టి ఉంటుందనుకున్నాను. ఒక్క వేలికే చెమట ఎందుకు పడుతుందని అప్పుడు ఆలోచించలేదు.

నా మెదడు అల్లిన కలే అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. రాజవ్వ చెప్పిన కాలివేలి ముచ్చట మనసులో ఉంది, కోడికూర కడుపులో ఉంది, రెండూ కలిసి కల వచ్చింది. అంతే. రాజవ్వ గుర్తొస్తే శిరీష గుర్తొచ్చింది. ఎలాగూ మెలకువ వచ్చింది కదా అని ఫోన్ తీసి ఆ పిల్ల గీతను చూశాను. పొద్దున ప్రోగ్రామ్ పచ్చ రంగే చూపించింది. మామూలుగా అయితే మర్నాటిదాకా నేను చూడను.

చూడగానే లేచి నిలబడ్డాను. గీత నా ఫోన్‌కు కొన్ని నిమిషాలు ఆలస్యంగా చేరుతుంది, అంతవరకు వచ్చిన గీత అది. ఆ పిల్ల నిద్రలో ఉంది. గుండె కొట్టుకున్నాక మళ్లీ సిద్ధం కావడానికి తీసుకునే సమయం సాగిపోయి ఉంది. పొద్దుటికీ దానికీ పోలికే లేదు. ఇన్నేళ్లుగా ఈ గీతలు చదువుతున్నాను, ఏది చూసి కంగారు పడాలో నాకు తెలుసు. ఆ క్షణంలో ఆ గదిలో ఒక స్టీలు గ్లాసు కింద పడినా చాలు.

వార్డెన్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రెండోసారి నొక్కబోయి ఆగిపోయాను. వార్డెన్ మంచి మనిషే, కానీ "మేడమ్ పిలుస్తున్నారు, లేపండి" అని ఎవర్నో పంపిస్తుంది. హాస్టల్‌లో లేపడమంటే ఏమిటో నాకు తెలుసు, నేనూ అక్కడే చదువుకున్నాను. తలుపు దబదబా బాది, పేరు పెట్టి అరుస్తారు. ఆ పిల్లను కాపాడబోయి నేనే చంపినట్టవుతుంది. పోనీ శిరీషకే చేద్దామంటే ఆమె ఫోను మూగది. మూగ చేయించింది మేమే.

వెళ్లి, చప్పుడు చేయకుండా తలుపు తీసి, కాలివేలు పట్టుకుని లేపాలి. అంతకంటే వేరే మార్గం లేదు. చీర మార్చుకోకుండా, హెల్మెట్ కూడా మర్చిపోయి స్కూటీ తీశాను. తార్నాక చౌరస్తాలో సిగ్నల్ పడితే ఆగలేదు, దానికి తర్వాత చలానా కూడా వచ్చింది. దారి పొడవునా నాకు యాదగిరి గారి చేతులే కనిపించాయి. మీరేది చెప్తే గదే, అన్న మాటే వినిపించింది. అంత భయం నాకు నా పిల్లలకు జ్వరాలొచ్చినప్పుడు కూడా వేయలేదు.

హాస్టల్ గేటు దాటేసరికి ఆవరణంతా పూలు. తంగేడు, గునుగు, బంతి రాశులు పోసుకుని అమ్మాయిలు బతుకమ్మలు పేరుస్తున్నారు. శిరీష కిటికీ అవతలి ఖాళీ జాగాలో, ఆ వేపచెట్ల కిందే, మనిషెత్తు స్పీకర్ పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నిశ్శబ్దంగా ఉంటుందని మేం ఏరికోరి ఇప్పించిన చోటే, వాళ్లకు ఖాళీగా కనిపించింది. ఒకతను వైర్లు తగిలిస్తున్నాడు.

"ఆపండి" అని అరుద్దామని నోరు తెరిచి, అరవలేక, చేతులు ఊపుకుంటూ పరిగెత్తాను. అతను నన్ను చూడలేదు. స్విచ్ వేశాడు.

ఆవరణంతా అదిరింది. వేపచెట్ల మీద పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. అమ్మాయిలు చెవులు మూసుకుని నవ్వారు.  గబగబా లోపలికి వెళ్లి, చివరి గది తలుపు తోశాను.

మంచం ఖాళీగా ఉంది. దుప్పటి పక్కకు తీసి ఉంది.

శిరీష వరండా చివర నేల మీద కూర్చుని ఉంది. వీపు గోడకు ఆనించి, కాళ్లు చాపుకుని, చేతిలో నీళ్ల సీసా పట్టుకుని. మొహం పాలిపోయింది. నేను పక్కన కూలబడి నాడి పట్టుకున్నాను. వేగంగా ఉంది, కానీ క్రమంగా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

"మీరేంది మేడమ్ గిట్లొచ్చిన్రు?" అంది ఆ పిల్ల. "గా స్పీకర్ మోగంగనే కండ్లు తిరిగినయి. కొంచెంసేపు ఏం కనవడలే. ఇప్పుడు మంచిగనే ఉన్న."

"పడుకుని ఉన్నావు కదా, ఎప్పుడు లేచావు?"

"ఇంతకుముందే లేచిన మేడమ్. బాపమ్మ కాలు వట్టి లేపినట్టనిపించింది. ఇంట్ల ఉన్ననేమో అనుకున్న. లేచి చూస్తే ఎవ్వరు లేరు. మళ్ల నిద్ర రాలే, నీళ్లు తాగుదమని బయటికొచ్చిన."

ఆ క్షణాన నేనేమీ ఆలోచించలేదు. స్పీకర్లు ఆపించి, వార్డెన్‌ను పట్టుకుని, ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లాను. విషయం అక్కడ బయటపడింది. గొంతునొప్పి అని రెండు రోజుల నుంచి మందుల షాపతను ఇచ్చిన బిళ్లలు వేసుకుంటోంది. అవి ఈ జబ్బున్నవాళ్లు వేసుకోకూడని రకం. పైగా పండుగ అని ఒక్కపొద్దులు ఉంది, విరేచనాలు కూడా అయ్యాయి. ఒంట్లోంచి లవణాలు పోయాయి. మూడూ కలిసి ఆ మధ్యాహ్నానికి గుండెను అంచుకు తెచ్చాయి. సెలైన్ ఎక్కించి, ఆ బిళ్లలు ఆపితే రెండో రోజుకు గీత మామూలైంది. ఇక ఆలస్యం చేయకుండా మిషన్ పెట్టించాం. యాదగిరి గారు ఆపరేషన్ గది బయట నా రెండు చేతులూ పట్టుకున్నారు.

తర్వాత మా గుండె డాక్టరూ నేనూ ఆ మధ్యాహ్నపు గీతను మొదట్నుంచి చూశాం. నిద్ర, సాగిన గీత, ఆపైన మెలకువ. ఉలిక్కిపడి లేస్తే గుండె ఒక్కసారి ఎగురుతుంది. ఇక్కడ అలా లేదు. ఎవరో నెమ్మదిగా లేపినట్టు మెల్లగా వేగం పెరిగింది. పరికరంలో కదలికలు కూడా నమోదవుతాయి, ఆమె లేచి కూర్చుంది, నడిచింది. ఆ తర్వాత స్పీకర్ మోత. అప్పుడు లయ తప్పింది. కొన్ని క్షణాలు పిచ్చి గీతలు గీసి తనంతట తనే దారికొచ్చింది.

"నిద్రలో ఉండగా ఆ మోత వచ్చి ఉంటే?" అన్నారు డాక్టరు. ఇద్దరం ఆ పిచ్చి గీతల్ని ఇంకోసారి చూశాం.

నేను ఊరుకునే మనిషిని కాదు కదా. హాస్టల్‌కు వెళ్లి ఆరా తీశాను. తలుపుకు గడియ పెట్టలేదు కాబట్టి ఎవరైనా గదిలోకి వెళ్లి ఉండొచ్చు, ఈ మాట కూడా చెప్పాలి. కానీ ఆ అమ్మాయిల్లో ఎవరూ వెళ్లలేదన్నారు. కాలివేలి సంగతి వాళ్లలో ఎవరికీ తెలియదు, శిరీష సిగ్గుపడి చెప్పుకోలేదట. పోనీ అది ఆ పిల్ల కలే అనుకుందాం. చిన్నప్పట్నుంచి అలాగే లేచే పిల్లకు అలాంటి కల రావడంలో వింత లేదు.

మరి నాకెందుకు వచ్చింది? నా పుట్టినరోజుకు డేవిడ్ కొనిచ్చిన వాచీ నాడి కూడా లెక్కపెడుతుంది. నిద్రపోతున్నా చేతికే ఉంటుంది. దాంట్లో ఆ ఆదివారం మధ్యాహ్నపు గీత తీసి, శిరీష గీత పక్కన పెట్టాను. రెండు గీతలూ ఒకే నిమిషంలో మెలకువలోకి వచ్చాయి. గడియారాల్లో తేడా ఉందేమోనని సరిచూశాను. తేడా లేదు. మా ల్యాబులో ఎవరైనా ఇలాంటి లెక్క తెస్తే, యాదృచ్ఛికం అని కొట్టిపారేసి టీ తాగమని పంపించేదాన్ని. నాకు నేను కూడా అదే చెప్పుకుని చూశాను.

శిరీష ఇంటికి వచ్చాక చూడ్డానికి మౌలాలి వెళ్లాను. యాదగిరి గారు ఆ రోజు షెడ్డులో పని ఆపేశారు. రాజవ్వకు జరిగింది చెప్పాను. నాకూ అలా అయిందని, నవ్వులాటకు చెప్పినట్టు చెప్పాను. ఆమె నవ్వలేదు.

"చెయ్యి తడిగున్నదా?" అంది.

తడి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. డేవిడ్‌కు కూడా. నా లెక్కలో అది చెమటగానే ఉండిపోయింది. తల ఊపాను.

"మా అత్త తెల్లారంగనే వాకిట్ల సాన్పి నీళ్లు సల్లి, చేతులు గడుక్కొని, గా తడి చేతులతోనే లేపేటిది. తుడుసుకోని రా అత్తా, సలి పెడ్తున్నదంటే ఇనేది కాదు" అంది రాజవ్వ. అని, నన్ను కాసేపు పరీక్షగా చూసింది. "మా పిల్లను లేపింది, మంచిది. మరి నిన్నెందుకు లేపింది బిడ్డా? రోగమున్నోళ్లనే గట్ల లేపుతది. నువ్వు మంచిగనే ఉంటే నీకెందుకు?"

"శిరీష సంగతి నాకు తెలియాలని అయ్యుంటుంది అవ్వా" అన్నాను, ఆమె లెక్కలోనే.

"దానికి నిన్ను పేరు వెట్టి పిలుస్తె సాలు గదా, కాలు వట్టుడెందుకు?" అంది ఆమె.

నేను నవ్వేశాను. టీ తాగి, శిరీష నాడి ఇంకోసారి చూసి, స్కూటీ ఎక్కాను. విద్యానగర్‌లో పని ఉంది, దాన్ని కూడా మర్చిపోయి సరాసరి ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి అన్నం తింటుంటే నా చెయ్యి ఆగిపోయింది. రూతు పిన్ని గుర్తొచ్చింది. పాటలు పాడి నవ్వుతూ పడుకున్న పిల్ల. తెల్లవారుజాము. చర్చి గంట.

కొన్ని వందల మందిని కూర్చోబెట్టి, మీ ఇంట్లో చిన్నవయసులో నిద్రలో పోయినవాళ్లు ఉన్నారా అని అడిగిన మనిషిని నేను. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున ల్యాబులో ఎవరూ రాకముందే, నా దగ్గర పరిశోధన చేసే వనజను పిలిచి ఆ బల్ల మీద పడుకున్నాను. "ఇన్నాళ్లకు దొరికారు మేడమ్" అని ఆ పిల్ల నవ్వుతూ తీగలు తగిలించింది. కాగితం బయటికి రావడం మొదలయ్యాక నవ్వు ఆపేసింది. నేను కాగితం చూడలేదు, వనజ మొహం చూస్తే సరిపోయింది.

రక్తపరీక్ష కూడా చేయించాను. శిరీషకు మార్పు ఉన్న జీన్‌లోనే నాకూ ఉంది, కాకపోతే వేరే చోట. అంటే మాకూ వాళ్లకూ చుట్టరికం ఏమీ లేదు. అలా ఏ సంబంధమూ లేని రెండు ఇళ్లలో ఉండటం అరుదే కానీ అసాధ్యం కాదు, అది కూడా నేను వివరించగలను. నా పిల్లలిద్దరికీ చేయిస్తే పాపకు ఉంది, బాబుకు లేదు. ఇప్పుడు పాపా నేనూ ఒకే డబ్బాలోంచి మందులు వేసుకుంటాం. భయమేమీ లేదు. జబ్బు పేరు తెలిసింది, మందు ఉంది, ప్రోగ్రామ్ ఉంది. ఆ ఆదివారం తర్వాత దాన్ని మార్చాం, రోజుకొకసారి కాకుండా ఇప్పుడది ఎప్పటికప్పుడు చూసి ఎరుపు చూపిస్తుంది. శిరీష ఎమ్మెస్సీ పూర్తి చేసి మా దగ్గరే చేరింది. నా గీతను రోజూ చూసేది ఆ పిల్లే.

అమ్మకు ఫోన్ చేసి పిన్ని ఎందుకు పోయిందో చెప్పాను. అంతా విని, "సరేలే, ఆ జబ్బును కూడా దేవదూతలే తెచ్చుంటారు" అంది. ఈసారి నేను ఏడిపించలేదు.

అంతా వివరించగలను. గీత ఎందుకు సాగిందో, పిల్లకు కళ్లెందుకు తిరిగాయో, పిన్ని ఎలా పోయిందో, అన్నీ. నా ఫ్లాటులో, గొలుసు వేసిన తలుపు లోపల, నా కాలివేలు పట్టుకుందెవరో మాత్రం చెప్పలేను. దయ్యమని ఇప్పటికీ అనను. కాదని రుజువు చేయడానికి నా దగ్గర ఏమీ లేదు.

మా ఇంట్లో కాలింగ్ బెల్ పీకేశాం. అలారాలు లేవు. తెల్లవారాక డేవిడ్ ముందు పాపను, తర్వాత నన్ను ఎడమ కాలి బొటనవేలు పట్టుకుని లేపుతాడు. అతనిది మెత్తటి చెయ్యి, ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. మళ్లీ ఎప్పుడైనా తడి చెయ్యి తగిలిందంటే, ఎవరు నువ్వని అడుగుతూ కూర్చోను. ముందు వెళ్లి పాపను చూసుకుంటాను.